రెండో చుక్క

ఎమిల్ హార్యు చేతిని నేను పదిహేడుసార్లు పట్టుకున్నాను. ఒక్కసారీ ఇష్టంగా పట్టుకోలేదు. బట్టల మరకలకు వాడే బ్లీచును బకెట్లో కలిపి రోజూ అందులో చేతులు ముంచేవాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, పొట్టు లేచి, ఉడకబెట్టి ఒలిచిన దుంపలా ఉండేది. మనిషి గదిలోకి రాకముందే ఆ వాసన వచ్చేది. ఆ వేలికి సూది గుచ్చి, నొక్కి, ఒక్క చుక్క రక్తం తీయడం నా పని. రోగిని చూసి రోత పడకూడదని నర్సులకు మొదటి రోజే చెబుతారు. చెప్పినవాళ్ళు ఎమిల్‌ని చూసి ఉండరు.

ఇదంతా రాయమన్నది ఎమిలే. "రాస్తే నా పేరుతోనే రాయి, నంబరుతో వద్దు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

కెనడాలో మా థండర్ బే ఊరి కాగితం మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు మీటర్లు సరిచూశాడు ఎమిల్. ఆవిరి ఒత్తిడి చూపేవి, వేడి చూపేవి, నీటి మట్టం చూపేవి, అన్నీ కలిపి నాలుగు వందలకు పైనే. అవి నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో తేల్చడమే అతని ఉద్యోగం. అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. ముల్లు కదిలితే అనుమానం, కదలకపోతే ఇంకా అనుమానం. "మీటరు చెప్పింది నమ్మేవాడు ఈ పనికి పనికిరాడు" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడట. అతనున్నంతకాలం మిల్లులో ఒక్క బాయిలరూ పేలలేదు. అందుకు రెండుసార్లు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. ఆ గడియారాలనూ నమ్మేవాడు కాదని అతని భార్య ఇర్యా నవ్వుతూ చెప్పేది. అప్పటికి ఆమెకు నవ్వు ఉండేది.

నా పేరు ఐలి రంటాలా. చెప్పులు కుట్టే దుకాణం పైన, మేడ మీద, పేరు చెప్పకుండా హెచ్ఐవి పరీక్ష చేయించుకునే చిన్న క్లినిక్‌లో రిటైరయ్యేదాకా పనిచేశాను. వచ్చినవాళ్ళకు ఒక నంబరిస్తాం. కాగితం మీద అదే ఉంటుంది, ఇంకేమీ ఉండదు. ఊరు చిన్నది, ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన మా ఫిన్నిష్ వాళ్ళ ఊరు ఇంకా చిన్నది. ఎమిల్ తల్లీ మా అమ్మా ఒకే చర్చి పాటల బృందంలో పాడారు. సరస్సు ఒడ్డున చెక్క విడిది ఇళ్ళని మేం క్యాంపులంటాం, మా క్యాంపు నుంచి వాళ్ళ క్యాంపు నాలుగోది. వాళ్ళ ఆవిరి స్నానాల గది, సౌనా, దాని పొగగొట్టంలోంచి పొగ లేస్తే మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.

శనివారం సాయంత్రం సౌనాకు రాని మనిషి మాలో రెండు రకాలు: చచ్చిపోయినవాడు, అలిగినవాడు. ఇంటిల్లిపాదీ ఆ చెక్కగదిలో కూర్చుంటాం, కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తాం, బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో ఒకరి వీపు ఒకరు బాదుకుంటాం. బకెట్టు ఒక్కటే, గరిటె ఒక్కటే. రెండు వేల పదకొండు చలికాలంలో ఎమిల్ సౌనాకు వెళ్ళడం మానేశాడు. బతికే ఉన్నాడు కాబట్టి అలిగాడని ఒడ్డు ఒడ్డంతా తేల్చేసింది. అల్లుడు డగ్ పడవ మోటారు అరువు తీసుకుని పాడుచేసి తిరిగిచ్చాడు, దాని మీద కోపం అన్నారు. అల్లుడి పక్షం కొందరు, మామ పక్షం కొందరు. పాపం డగ్ కొత్త మోటారు కొనిచ్చాడు కూడా. "అసలేమైందయ్యా?" అని ఎమిల్‌ని ఒక్కరూ అడగలేదు. అడగడం మా ఇంటావంటా లేదు.

ఏమైందో నాకు తెలుసు. ఆ నవంబరులో మిల్లు వాళ్ళు నాలుగు రోజుల శిక్షణకు అతన్ని విన్నిపెగ్ నగరానికి పంపారు. రెండో రోజు బారులో ఒకామె, ఆ తర్వాత మోటెల్ గది. తొడుగు వాడాడు. అది చిరగలేదు, జారలేదు. ఇంటికొచ్చిన ఎనిమిదో రోజు గొంతు నొప్పి. ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ కంప్యూటర్లో పనీ పాటా లేని సన్నాసులు కొందరుంటారు, ఒకడి భయానికి ఇంకొకడు ఆజ్యం పోస్తూ. 'నాకు ఏడేళ్ళ తర్వాత బయటపడింది' అని ఒకడు, 'పరీక్షలన్నీ కంపెనీల మోసం' అని ఇంకొకడు. ఛీ, ఆ రాతలు అతను నాకు అచ్చుతీసి తెచ్చి చూపించేవాడు. చెత్తబుట్టలో వెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు నాకు.

మొదటిసారి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నన్ను చూసి, వెనక్కి తిరిగి దిగిపోయాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్ను ఎన్నడూ చూడనట్టు మొహం పెట్టాడు.

"నర్సమ్మా, పేరు చెప్పక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ. ఈ నంబరు చాలు."

చిన్నప్పుడు నా జడ పట్టి లాగినవాడు నన్ను నర్సమ్మా అన్నాడు, నేనతన్ని అండీ అన్నాను. ఆ నాటకం రెండున్నరేళ్ళు ఆడాం.

అప్పటికి మూడు వారాలే అయింది, ఇప్పుడు చేసినా ఖాయంగా చెప్పలేం, మూడు నెలలు నిండాక రండి అన్నాను. సరిగ్గా తొంభయ్యో రోజు వచ్చాడు. వేలి రక్తం మందు నీళ్ళలో కలిపి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళ గుంటలో పోస్తాం. తర్వాత నీలం నీళ్ళు, ఆ తర్వాత తెల్ల నీళ్ళు. నిమిషంలో నీలం చుక్క ఒకటి పైన తేలుతుంది. అది పరీక్ష పనిచేసిందన్న గుర్తు. దాని కింద రెండో చుక్క వస్తేనే రోగం. ఎమిల్‌కి ఒక్క చుక్కే వచ్చింది.

"మీకు లేదండీ. ఇంక నిశ్చింతగా ఉండండి."

"ఖాయమేనా నర్సమ్మా?"

"ఖాయమే." అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. అతని మొహం చూసి, బయట వేచి ఉన్నవాళ్ళను తలుచుకుని, తొందరగా పంపేద్దామని ఇంకో మాట కలిపాను. "కావాలంటే ఆరు నెలలకు ఇంకోసారి రండి, ఎందుకైనా మంచిది."

ఎందుకైనా మంచిది! మా పనిలో రోజుకి ఇరవైసార్లు అనే మాట. చిల్లర లేనప్పుడు దుకాణం వాడు చేతిలో పెట్టే చాక్లెట్ లాంటిది. మీటర్లు సరిచూసేవాడి చెవికి అది ఎలా వినిపించిందో నేను ఆలోచించలేదు. మీటరు మీద దాన్ని చేసినవాళ్ళకే నమ్మకం లేదని అతనికి అర్థమైంది.

ఆరు నెలలకు వచ్చాడు. ఎనిమిదికి వచ్చాడు. ఆ తర్వాత రెండేసి నెలలకు, కొన్నిసార్లు నెల తిరక్కుండానే. ప్రతిసారీ ఒక్క చుక్కే. అనుమానం పెనుభూతం అంటారు, దానికి మేత వేస్తున్నది నేనే. బిళ్ళని కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టి చూసేవాడు.

"ఇక్కడ నీడలా ఏదో ఉంది చూడండి."

"అది మీ వేలి నీడండీ."

ఒకసారి మిల్లు నుంచి ఉష్ణమాపకం తెచ్చాడు, మా గదిలో ఉన్న వేడి, పరీక్ష పెట్టె మీద రాసినంతే ఉందో లేదో చూడటానికి. ఇంకోసారి బిళ్ళ మీద వేలితో రెండుసార్లు తట్టాడు. "తట్టకండి, ఇది బాయిలరు కాదు" అని అరిచాను. విసిగిపోయి, ముంజేతి నుంచి సీసాడు రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపాను. అక్కడా లేదనే వచ్చింది.

"ల్యాబులో సీసాలు తారుమారైతే? దాని మీద నా పేరు లేదుగా, ఉత్త నంబరేగా."

"అయితే పేరివ్వండి, పేరుతోనే పంపుతాను."

"పేరా! పేరిస్తే ఊరంతా తెలిసిపోదూ?"

పేరు దాచిందీ తనే, పేరు లేదని నమ్మనిదీ తనే. సరిహద్దు దాటి అమెరికాలో డులూత్ దాకా కారు నడుపుకుంటూ వెళ్ళి అక్కడ కూడా రెండు చేయించుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ రెండింటిలోనూ లేదు.

నిజం చెప్పాలంటే నాకు అతని మీద జాలి కలగలేదు, ఒళ్ళు మండేది. రోగం నిజంగా ఉన్నవాళ్ళు మా దగ్గరకు వచ్చేవాళ్ళు. మొహం కడుక్కుని, మందులు తీసుకుని, బస్సు పట్టుకుని పనికి పోయేవాళ్ళు. ఈయనగారికి లేని రోగానికి కుర్చీలో కూర్చుని వణకడానికి తీరిక ఉండేది. మా కాఫీ తాగి, ఒరెస్ట్ చేసిన దాల్చినచెక్క బన్ను తిని మరీ వణికేవాడు.

ఒరెస్ట్ మెల్నిక్ సంగతి చెప్పాలి. రైల్లో భోజనం వడ్డించే పెట్టెలో వంటవాడిగా చేసి రిటైరయ్యాడు. వారానికి మూడు రోజులు మా దగ్గరకు వచ్చి, వేచి ఉండే గదిలో కాఫీ కాచి, ఇంట్లో కాల్చిన బన్నులు పెట్టేవాడు. జీతం లేదు. "సూదికి భయపడేవాళ్ళు తీపి చూస్తే ఆగుతారు" అనేవాడు. కప్పు ఎవరిదో ఎవరికి ఎంత చక్కెరో అన్నీ గుర్తు. ఎమిల్‌కి నాలుగో కొక్కేనికి వేలాడే నీలం కప్పు.

రెండు వేల పద్నాలుగు వసంతంలో ఎమిల్ కూతురు మర్యత్తాకు కొడుకు పుట్టాడు. వెయికో అని పేరు పెట్టారు. ఆ మే నెలలో చర్చి రొట్టెల అమ్మకం దగ్గర ఇర్యా నన్ను పక్కకు లాగింది. రొట్టెల మీద పొడి చక్కెర చల్లుతూనే, నా మొహం చూడకుండా అడిగింది.

"ఏమే ఐలీ, నువ్వు ఊళ్ళో అందర్నీ చూస్తావు కదా. మా ఆయనకి ఎవతైనా ఉందా?"

"నాకెలా తెలుస్తుందే?"

"మంచం వేరు, తువ్వాలు వేరు, పళ్ళెం వేరు. నేను ముట్టుకుంటే వెళ్ళి చేతులు కడుక్కుంటాడు. సింకంతా బ్లీచు కంపు. పసివాణ్ణి ఇంతవరకూ ఎత్తుకోలేదు. జలుబట. నెలరోజులుగా అదే జలుబట." చక్కెర డబ్బా మూత బిగించింది. "జూలై ఆఖరి శనివారం వాడికి మొదటి సౌనా. హార్యు వాళ్ళింట్లో మొదటిసారి తాతే లోపలికి ఎత్తుకెళ్ళాలి. ఎమిల్‌ని వాళ్ళ తాత ఎత్తుకెళ్ళాడు, ఆయన్ని ఆయన తాత. ఈయన ఎత్తుకోకపోతే మా మర్యత్తా ఇంక ఈ గుమ్మం తొక్కనంటోంది. నేనూ ఉండను."

నాకు తెలిసింది చెప్పే వీలు లేదు. పేరు లేని నంబరు గురించి ఎవరికీ ఏదీ చెప్పనని ప్రమాణం చేసిన నోరు. రొట్టె కొనుక్కుని వచ్చేశాను. అది తినబుద్ధి కాలేదు.

జూన్‌లో ఎమిల్ వచ్చాడు, పదహారోసారి. ఒక్క చుక్క చూశాక లేవలేదు.

"నర్సమ్మా, మిల్లులో మీటరు మీద అనుమానం వస్తే ఏం చేస్తామో తెలుసా? ముందే కొలత తెలిసిన ఒత్తిడి దానికిస్తాం. అది సరిగ్గా చూపిస్తేనే మిగతావి నమ్ముతాం. మీ బిళ్ళ ఎప్పుడూ ఒక్క చుక్కే చూపిస్తోంది. అసలు దానికి రెండో చుక్క చూపించడం వచ్చా?"

మొదటిసారి అతని మాట నాకు సబబుగా తోచింది. కొత్త పెట్టె తెరిచినప్పుడు మేమూ అదే చేస్తాం. రోగం ఉన్నట్టు తెలిసిన ద్రవం ఒకటి, లేనిది ఒకటి ఫ్యాక్టరీ నుంచి చిన్న సీసాల్లో వస్తాయి. వాటితో పరీక్ష సరిచూస్తాం. బయటివాళ్ళ ముందు చేయకూడదు, అయినా చేశాను. రెండు చుక్కలు తేలాయి. ఎమిల్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. మెట్లు దిగుతూ ఈల వేశాడు. పీడ విరగడైందనుకున్నాను.

పదకొండు రోజులకు మళ్ళీ బ్లీచు వాసన. పదిహేడోసారి వేలు గుచ్చాను. ఒక్క చుక్క.

"అది ఫ్యాక్టరీ ద్రవం కదండీ" అన్నాడు. "మనిషి ఒంట్లోంచి తీసింది కాదు. మనిషి రక్తంతో చూస్తే గానీ తేలదు. జూలైలో నా మనవణ్ణి ఎత్తుకోవాలి నేను. ఆ రోగం ఉన్నవాడు ఒక్కడు దొరకడా ఈ ఊళ్ళో? ఎంత అడిగితే అంత ఇస్తాను. ఒక్క చుక్క ఇస్తే చాలు."

ఛీ! మనుషుల్ని అతను సీసాల్లో ద్రవంలా అడుగుతున్నాడు. తలుపు ఓరగా ఉంది. దాన్ని మోచేత్తో తోసుకుని ఒరెస్ట్ లోపలికి వచ్చాడు, ఒక చేతిలో ఎమిల్ నీలం కప్పు, పైన పొగలు. కప్పు ఎమిల్ చేతిలో పెట్టాడు.

"ఊళ్ళో వెతకడం ఎందుకయ్యా పెద్దమనిషీ, నేనున్నాను కదా. తొంభై ఒకటి నుంచి ఉంది నాకు."

"వద్దు ఒరెస్ట్" అన్నాను.

"నా వేలు, నా రక్తం, ఐలీ. నువ్వు సూది తియ్యి. మనవడి కోసమంట కదా, గోడలు పలచన, అన్నీ వినపడతాయి." కుర్చీ లాక్కుని కూర్చుని, చేతికంటిన పిండి తుడుచుకుని, వేలు చాపాడు. "డబ్బు వద్దులే. చూసి వెళ్ళి వాణ్ణి ఎత్తుకో."

గుచ్చాను. పోశాను. నీలం, ఆ తర్వాత తెలుపు. పై చుక్క తేలింది. దాని కింద, నెమ్మదిగా, చక్కగా, రెండో చుక్క. ఎమిల్ ముందుకు వంగాడు. తట్టడానికి వేలు చాపి, సగంలో వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. అదీ అతను రెండున్నరేళ్ళుగా వెతుకుతున్న చుక్క. ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది, తనకెప్పుడూ రాలేదనీ తెలిసింది. మొహం మీద నుంచి ఏదో దిగిపోవడం నేను చూశాను. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

అప్పుడు అతని చూపు బిళ్ళ మీద నుంచి ఒరెస్ట్ వేలి మీదకు, వేలి మీద నుంచి తన చేతిలో కప్పు మీదకు వెళ్ళింది. కప్పుని బల్ల మీద పెట్టాడు, దూరంగా తోశాడు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఈ కాఫీ... ఆ బన్నులు... అన్నీ నువ్వేనా చేసేది?" నా వైపు తిరిగాడు. "నర్సమ్మా, నేను మళ్ళీ మూడు నెలలు లెక్కపెట్టాలా?"

అంత అసహ్యం నాకు నా జన్మలో ఎవరి మీదా కలగలేదు. చెంప పగలగొట్టాలనిపించింది. తనకోసం వేలు గుచ్చించుకున్న మనిషి రక్తం ఇంకా దూది మీద తడిగా ఉంది.

ఒరెస్ట్ కోపం తెచ్చుకోలేదు. లేచి, కప్పు తీసుకుని, కాఫీ సింకులో పారబోసి, సబ్బుతో కడిగి బోర్లించాడు. బాగా తోమాడు, బయటా లోపలా.

"నా దానికి రోజుకో మాత్ర ఉందయ్యా" అన్నాడు, వీపు ఇటే ఉంచి. "వేసుకుంటాను, బన్నులు కాలుస్తాను, పడుకుంటాను. నీ దానికి ఏముంది?" తర్వాత నా వైపు తిరిగాడు. "ఐలీ, పదిహేడుసార్లు గుచ్చావు ఇతన్ని. పక్క గదిలోకి ఎన్నిసార్లు పంపావు?"

పక్క గదిలో గురువారం గురువారం మనసు డాక్టరు కూర్చునేది. తీరని భయాలకు, ఆగని ఆలోచనలకు వైద్యం చేసేది. మా గదికీ ఆ గదికీ మధ్య నాలుగడుగులు. ఒక్కసారీ పంపలేదు. సూది గుచ్చి పంపెయ్యడానికి పది నిమిషాలు, కూర్చోబెట్టి 'మీకున్నది ఆ రోగం కాదు, ఇంకోటి' అని చెప్పడానికి పూటంతా పడుతుంది. ప్రతి పరీక్షా అతనికి ఒకటి రెండు వారాల ఊరట. ఆ తర్వాత దాహం రెండింతలు. తాగుబోతుకు గ్లాసు నింపే బారువాడికీ నాకూ తేడా లేదు. అప్పటిదాకా అతని చేతులు చూసి రోత పడ్డాను, ఆ పూట నా చేతుల్నే చూసుకోలేకపోయాను.

"ఇంక మీకు ఇక్కడ పరీక్ష లేదు" అన్నాను. "ఈ రోజుకీ కాదు, మూడు నెలలకీ కాదు. కాఫీ వల్ల రాదు, బన్ను వల్ల రాదు, మీకు లేదు, రాలేదు. తప్పు నాది, ఎందుకైనా మంచిదని అన్నాను. మంచిది కాదు. గురువారం ఆ పక్క గదికి రండి."

"నాకు పిచ్చంటావా?"

"భయం రోగమైంది అంటున్నాను."

"పదేళ్ళప్పటి నుంచి నన్ను ఎరిగున్న దానివి, నువ్వా ఐలీ ఈ మాట అనేది!" అన్నాడు. రెండున్నరేళ్ళలో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు, తిట్టడానికి. తలుపు గోడకు కొట్టుకునేలా వేసి వెళ్ళిపోయాడు.

జూలై ఆఖరి శనివారం నేను మా పడవల రేవు మీద కూర్చున్నాను. చూడకూడదనుకుంటూనే చూశాను. ఎమిల్ పొద్దున్నించీ కట్టెలు కొట్టాడు. సౌనా పొయ్యి రాజేశాడు. డగ్, మర్యత్తా, పసివాడితో ఇర్యా తువ్వాళ్ళు చుట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఎమిల్ మాత్రం బట్టల్లోనే ఉన్నాడు, తలుపు పక్క వేలాడే ఉష్ణమాపకం ముందు. దాన్ని రెండుసార్లు తట్టాడు.

"వస్తావా, రావా?" ఇర్యా గొంతు నీటి మీదుగా స్పష్టంగా వచ్చింది.

"వేడి సరిగ్గా ఉందో లేదో చూస్తున్నా. మీరు వెళ్ళండి."

"ఎత్తుకో ఎమిల్. వాడు నిన్నే చూస్తున్నాడు."

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇర్యా మనవణ్ణి తనే ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. రాళ్ళ మీద నీళ్ళ చప్పుడు, పిల్లాడి ఏడుపు, కాసేపటికి ఏడుపు ఆగిపోవడం, అన్నీ వినిపించాయి. ఎమిల్ మూసిన తలుపు ముందు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. నేను లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాను.

సోమవారం క్లినిక్ తెరిచేసరికి మెట్ల మీద ఇర్యా కూర్చుని ఉంది. శనివారం రాత్రి ఇల్లు వదిలిపోదామని తను సంచీ సర్దుకుంటుంటే ఎమిల్ అంతా చెప్పేశాడట. నంబరు వద్దంది, పేరు రాయమంది. వేలు గుచ్చాను. ఒక్క చుక్క. రెండు క్షణాలు చూసింది.

"ఒక్కటే అంటే లేదనేగా?"

"లేదనే."

"సరే." కోటు తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఆగింది. "మోటెల్ సంగతి ఒక వారం ఏడ్చి మరిచిపోగలనే. రెండున్నరేళ్ళు నన్ను ముట్టుకుని చేతులు కడుక్కున్నాడు. నా ఒళ్ళంటే రోత అనుకున్నాను, అద్దంలో చూసుకోవడం మానేశాను. అది ఎలా మరిచిపోను?" ఒరెస్ట్ ఇచ్చిన బన్ను నిలబడే కొరికింది. "గురువారం వస్తాడు. ఆ రెండో గదికి. రాకపోతే నేను మా చెల్లెలింటికి పోతాను, అదీ చెప్పాను."

వచ్చాడు. తల వంచుకుని నన్ను దాటి వెళ్ళాడు. ఆ డాక్టరమ్మ పెట్టిన మొదటి షరతు ఇక పరీక్షలు లేవని, రెండోది కంప్యూటర్లో వెతకకూడదని, మూడోది ఇంట్లో బ్లీచు ఉండకూడదని. మాత్రలూ ఇచ్చింది. ఆరో వారంలో పని ఒకటి పెట్టింది: ఒరెస్ట్ కాచిన కాఫీ తాగడం. నీలం కప్పు పట్టుకుని ముప్పావుగంట కూర్చున్నాడు. కాఫీ చల్లారి మీగడ కట్టింది. కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగి, పరుగెత్తుకెళ్ళి బాత్రూములో కక్కేశాడు.

"దిగులు పడకు ఐలీ" అన్నాడు ఒరెస్ట్. "రైల్లో నా కాఫీ తాగి ఇంతకంటే ఎక్కువ మందే కక్కారు."

నేను నవ్వలేదు. తర్వాత వారం ఎమిల్ రెండు గుక్కలు తాగాడు, కక్కలేదు. కప్పు కడగడానికి తనే లేచాడు. ఒరెస్ట్ ఎదుట నిలబడి, నేల చూస్తూ, "ఆ రోజు నేను చేసింది..." అని ఆగిపోయాడు. ఒరెస్ట్ బన్ను చేతిలో పెట్టి, "తిను, అదే చాలు" అన్నాడు.

గట్టు ఎక్కడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. మధ్యలో రెండుసార్లు జారాడు. ఒకసారి మెట్ల మీద నిలబడి ఒక్క పరీక్ష, ఒక్కటంటే ఒక్కటి అని నన్ను బతిమాలాడు. చెయ్యలేదు. చేతుల చర్మం మెల్లగా మామూలైంది.

రెండు వేల పదహారు జూలైలో ఒక శనివారం, మళ్ళీ మా రేవు మీద నుంచే చూశాను. ఎమిల్ నడుముకు తువ్వాలు చుట్టుకుని సౌనా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మర్యత్తా సహా అందరూ లోపలికి వెళ్ళారు. వెనకాల వెయికో ఒక్కడే, రెండేళ్ళవాడు, గడ్డిలో తప్పటడుగులు వేసుకుంటూ వస్తున్నాడు. ఎమిల్ వంగి రెండు చేతులూ చాపాడు.

"రారా, తాత ఎత్తుకుంటాడు."

"నేనే పోతా" అన్నాడు వాడు. తాత చేతి కింద నుంచి దూరి, గడప పట్టుకుని దాటి, లోపలికి నడిచి వెళ్ళిపోయాడు.

ఎమిల్ చేతులు అలాగే చాపి ఉన్నాయి. లోపలి నుంచి ఇర్యా గొంతు వినిపించింది.

"తలుపు వెయ్యి ఎమిల్, వేడి పోతోంది."

అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.